ఇంగ్లీషు ‘బి’ మాటల పుట్టుక వెతకడం ఎలా?

ఇంట్లో బట్టలు పెట్టుకునే బీరువా, పత్రికలో వార్త మొదట్లో కనిపించే ‘బ్యూరో’ రెండూ ఒకే మాట. ఫ్రెంచిలో బురెల్ అంటే ముతక ఉన్ని బట్ట. రాతబల్ల మీద ఆ బట్ట పరిచేవాళ్లు కాబట్టి బల్లకే బ్యూరో అని పేరు పడింది. బల్ల నుంచి బల్ల ఉన్న గదికి, గది నుంచి ఆఫీసుకు ఆ పేరు పాకింది. ఇంకోపక్క అదే మాట సొరుగులున్న కొయ్య సామాను అన్న అర్థంతో మన దాకా వచ్చి బీరువాగా నిలబడింది.

ఇలా జాడ తీయడానికి ఒక వరస ఉంది. దాన్ని బి అక్షరంతో మొదలయ్యే మాటల మీద నేర్చుకోవడం తెలుగువాళ్లకు తేలిక. బి మాటలు నాలుగైదు దారుల్లో ఇంగ్లీషులోకి వచ్చాయి. వాటిలో రెండు మూడు దారుల్లో మన బళ్లో చదువుకున్న కాస్త సంస్కృతం నేరుగా పనికొస్తుంది. ఒక మాటైతే అచ్చ తెలుగు నుంచే వెళ్లింది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

పదాల పుట్టుక చెప్పే నిఘంటువు ఒకటి చాలు. డగ్లస్ హార్పర్ నడిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఉచితం, మొదలుపెట్టడానికి అదే మంచిది. ఏ మాట ఏ ఏడాది ఏ వాక్యంలో కనబడిందో చూపించేది పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. దానికి చందా కావాలి, యూనివర్సిటీ లైబ్రరీల్లో దొరికే అవకాశం ఎక్కువ. మన దేశం నుంచి వెళ్లిన మాటలకు 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఉంది. తెలుగు వైపు బ్రౌన్ నిఘంటువు, బరో-ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. ఈ చివరి మూడూ షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా వెతుక్కోవచ్చు. హాబ్సన్-జాబ్సన్ చదవడానికి రుచిగా ఉంటుంది గానీ అందులో ఊహలు కూడా కలిసి ఉంటాయి. అందులో చూసింది ఇంకోచోట కూడా కనబడితేనే రాసుకోండి.

నోటుబుక్కులో మాటకు ఐదు గడులు గీయండి: మాట, ఇంగ్లీషులో మొదట కనబడిన కాలం, ఏ భాష నుంచి, ఆ భాషలో రూపం-అర్థం, అంతకుముందు జాడ. ఐదో గడి ఎప్పుడూ పెన్సిల్‌తోనే.

నిఘంటువులోని గుర్తుల్లో తడబడేది ముఖ్యంగా ఒక్కచోటే. మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పండితులు లెక్కకట్టి నిలబెట్టినదని అర్థం. దాన్ని దొరికిన రూపంలా ఎత్తి రాయకూడదు. ఓ.ఇ. అంటే పాత ఇంగ్లీషు, సుమారు 1150 దాకా. ఎం.ఇ. అంటే మధ్య ఇంగ్లీషు, సుమారు 1500 దాకా. ఓ.ఎన్. పాత నార్సు, అంటే వైకింగుల భాష. ఓ.ఎఫ్. పాత ఫ్రెంచి. ‘ప్రాబ్.’ అని ఉంటే ‘బహుశా’ అని. దాన్ని మింగేసి ఖాయమన్నట్టు రాయడమే చాలా వ్యాసాలు చేసే తప్పు.

ముందు అంకె చూడండి

నిఘంటువులో ఒకే స్పెల్లింగు రెండు మూడుసార్లు వస్తే పక్కన చిన్న అంకెలుంటాయి. అవి ఒకే మాటకు వేరువేరు అర్థాలు కావు, వేరువేరు మాటలు. బార్క్ తీసుకోండి. కుక్క మొరిగే బార్క్ పాత ఇంగ్లీషుది, చెట్టు బెరడు బార్క్ నార్సుది, ఓడ బార్క్ ఫ్రెంచి నుంచి వచ్చింది. గబ్బిలం బ్యాట్‌కూ క్రికెట్ బ్యాట్‌కూ చుట్టరికం లేదు. గబ్బిలాన్ని ఇంగ్లీషులో మొదట ‘బాకె’ అన్నారు, తర్వాత అది బ్యాట్‌గా మారింది. అంకె చూడకుండా మొదలుపెడితే కుక్క అరుపుకు చెట్టు బెరడు కథ అతికిస్తారు.

దీనికి ఎదురు మెలిక బ్యాంక్ చూపిస్తుంది. ఏటి గట్టు బ్యాంక్ నార్సు దారిలో వచ్చింది. డబ్బు బ్యాంక్ ఇటలీలో నాణేలు మార్చేవాళ్లు కూర్చునే బల్ల, ‘బాంకా’. కూర్చునే బెంచీ ఇంగ్లీషు సొంత మాట. ఇటలీ వాళ్లు బాంకాను తెచ్చుకున్నది జర్మానిక్ భాషల నుంచే, అంటే ఇంగ్లీషు, జర్మన్, నార్సు ఉన్న కుటుంబం నుంచే. అందుకే మూడూ పైకి వేరైనా వెనక్కి వెళితే ఒకే ఇంటివి. దివాలా తీయడం అనే బ్యాంక్రప్ట్ ఆ బల్లే, ‘బాంకా రోట్టా’, విరిగిన బల్ల. దివాలా తీసినవాడి బల్ల నడిబజారులో విరగ్గొట్టేవారన్న కథను మాత్రం గడిలోకి ఎక్కించకండి. దివాలా తీసినవాణ్ని ‘విరిగిపోయాడు’ అనడానికి నిజంగా బల్ల విరగక్కర్లేదు.

ఒకే బి, నాలుగు మూలాలు

అసలు పని ఇక్కడుంది. ఇంగ్లీషు మాట మొదట్లో బి కనబడగానే అది ఏ దారిలో వచ్చిన బి అని అడగాలి. దారిని బట్టి దాని వెనక ఉన్న శబ్దం మారిపోతుంది.

మొదటిది ఇంగ్లీషు సొంత బి. దీనికి సంస్కృతంలో ఎదురుగా ఉండేది భ. బ్రదర్‌కు భ్రాతృ, కనుబొమ బ్రౌకు భ్రూ, మోయడం అనే బేర్‌కు భృ (మన భరించడం, భారం), ఉండడం అనే బీకి భూ (భవనం, భవిష్యత్తు), బర్చ్ చెట్టుకు భూర్జం. వీటిని సరిచూసే సాక్షి లాటిన్. అక్కడ ఇదే శబ్దం ఫగా ఉంటుంది: ఫ్రటెర్నిటీలోని ఫ్రాటెర్ సోదరుడు, ట్రాన్స్‌ఫర్‌లోని ఫెర్ మోయడం, ఫ్యూచర్‌లోని ఫు ఉండడం. గ్రీకులో కూడా ఫ వర్ణమే. మెటఫర్ అంటే అటునుంచి ఇటు మోసుకెళ్లేది. జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దవాడు యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా కట్టిన శబ్ద మార్పుల్లో ఇదొకటి. ఇంగ్లీషులో బ, సంస్కృతంలో భ, లాటిన్‌లో ఫ, ఈ మూడూ కలిస్తేనే జ్ఞాతి పదాలని, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని రాయండి. ఒక్క పోలికతో రాయకండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కట్టడం అనే బైండ్‌కు సంస్కృతంలో బంధ ఉంది, భంధ కాదు. అడుగు అనే బాటమ్‌కు బుధ్న ఉంది. సూత్రం తప్పిందా? లేదు. పక్కపక్క అక్షరాల్లో రెండు మహాప్రాణాలు (ధ, భ లాంటి ఒత్తు అక్షరాలు) ఉంటే సంస్కృతంలో మొదటిది ఒత్తు పోగొట్టుకుంటుంది. అందుకే భూ ధాతువుకు పరోక్ష భూతం, అంటే జరిగిపోయినదాన్ని చెప్పే రూపం, ‘భభూవ’ కాక బభూవ అయింది. ఒకప్పటి ‘భంధ’ ఇదే కారణంగా బంధ అయింది. ఈ సంగతి 1863లో గ్రాస్‌మన్ అనే జర్మన్ పండితుడు తేల్చాడు. కాబట్టి సంస్కృతంలో ఒట్టి బ కనబడితే తర్వాతి అక్షరం చూడండి. అక్కడ ధ, భ లాంటిది ఉంటే సూత్రం చెక్కుచెదరలేదన్నమాట. బ్రౌన్ రంగు, నీటి జంతువు బీవర్ ఈ రెండింటికీ జ్ఞాతి బభ్రు, గోధుమ ఛాయ ఉన్నది అని. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడి పేరులో ఉన్నది ఇదే.

రెండోది గ్రీకు బి. దీన్ని భతో పోలిస్తే మొత్తం తప్పుతుంది. గ్రీకులోని ఈ బి చాలాచోట్ల పాత ‘గ్వ’ నుంచి వచ్చింది. కాబట్టి సంస్కృతంలో ఎదురుగా గ గాని జ గాని ఉంటుంది. బయాలజీలోని బియోస్‌కు జీవ. బారోమీటర్‌లోని బరుస్‌కు గురు, అంటే బరువైనది. గురుత్వాకర్షణలో మనం వాడే గురు, లాటిన్ గ్రావిటీ, గ్రీకు బారో మూడూ ఒక్కటే. బేస్, బేసిస్ అనేవి అడుగు వేయడం అనే గ్రీకు క్రియ నుంచి వచ్చాయి, దానికి గమ్ జ్ఞాతి. బటర్ అంటే గ్రీకులో ఆవు జున్ను: ‘బౌస్’ ఆవు, ‘టూరోస్’ జున్ను. ఆ బౌస్‌కు గో. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన బీఫ్ కూడా గో ఇంటిదే, ఇంగ్లీషు సొంత మాట కౌ కూడా. ఒకే గోవు ఇంగ్లీషులోకి మూడు గుమ్మాల్లోంచి వచ్చింది.

మూడోది లాటిన్ ‘బి’, ‘బిస్’. అంటే రెండు, రెండుసార్లు. పాత రూపం ‘ద్వి’, మన ద్వి. బైసికిల్, బైనరీ, బైఫోకల్ అందరికీ తెలిసినవే. బైసెప్స్ అంటే రెండు తలల కండరం. బ్యాలెన్స్ రెండు తట్టలది, త్రాసు. ఈ గుంపులో రుచైనది బిస్కెట్. ‘బిస్’ రెండుసార్లు, ‘కాక్టుస్’ వండినది. ఆ కాక్టుస్‌కు సంస్కృతంలో జ్ఞాతి పక్వం. అంటే బిస్కెట్ ముక్కకు ముక్క ద్విపక్వం. నిలవ ఉండాలని రొట్టెను రెండోసారి ఆరబెట్టి కాల్చేవాళ్లు, ఓడ ప్రయాణాలకు. ఇంగ్లీషులో చాలాకాలం పలికినట్టే రాశారు. చివర్లో ఆ యూఐటీ ఫ్రెంచి చూసి తగిలించుకున్నది, పిల్లలు స్పెల్లింగు తప్పడానికి కారణం అదే.

ఇదే గుంపులో అనువాదకులు జాగ్రత్తపడాల్సింది బిలియన్. బ్రిటన్‌లో పాత లెక్క ప్రకారం అది మిలియన్ మిలియన్లు, అంటే లక్ష కోట్లు. 1974లో బ్రిటిష్ ప్రభుత్వం అమెరికా లెక్కకు మారింది. ఇప్పుడు వంద కోట్లు. అంతకుముందు అచ్చయిన బ్రిటిష్ పుస్తకంలో బిలియన్ కనబడితే సందర్భం చూడకుండా వంద కోట్లని రాయకండి. బైయాన్యువల్ ఏడాదికి రెండుసార్లు, బయేనియల్ రెండేళ్లకోసారి. బైమంత్లీ అనే మాటను రెండు రకాలుగానూ వాడేస్తున్నారు కాబట్టి రాసినవాళ్లను అడగడమే మేలు.

నాలుగోది సముద్రం దాటొచ్చిన బి. దీనికి పాత శబ్ద సూత్రాలు వర్తించవు. ఎవరి నోట, ఏ రేవులో, ఎప్పుడు అన్నదే లెక్క.

మన దగ్గర్నుంచి వెళ్లినవి

బాండికూట్ తెలుగు పందికొక్కు. 18వ శతాబ్దం చివరికి ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. పంది, కొక్కు రెండు భాగాలూ మనవే, పందిలా గురగురలాడే పెద్ద ఎలుక అని. మొదటి ప కాస్తా బ అయింది, కొక్కు కూట్ అయింది. ఎలుకల శాస్త్రీయ నామంలోనూ ఆ ప్రజాతి బాండికోటానే. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిన తెల్లవాళ్లు అక్కడి పొడుగు ముక్కు సంచిజంతువును చూసి, కాస్త పోలిక ఉందని ఇదే పేరు పెట్టారు. 1996లో వచ్చిన వీడియో గేమ్‌లోని క్రాష్ బాండికూట్ ఆ ఆస్ట్రేలియా జంతువు. దాన్ని తెలుగులో పందికొక్కు అని రాస్తే పేరు సరిగ్గా ఇంటికొచ్చినట్టే గానీ జంతువు తప్పుతుంది. దానికీ ఎలుకకూ సంబంధం లేదు. పుట్టుక తెలిసినంత మాత్రాన నేటి అర్థం తెలిసినట్టు కాదు, రెండు గడులూ విడిగా నింపండి.

బన్యన్ ఇంకా పెద్ద చుట్టు తిరిగింది. సంస్కృతం వణిజ్ నుంచి గుజరాతీ వాణియో, అంటే కోమటి. పోర్చుగీసు వాళ్ల నోట అది బనియాన్. పర్షియా తీరంలోని గాంబ్రూన్ రేవు దగ్గర ఒక మర్రిచెట్టు కింద ఈ వర్తకులు చేరేవారని, 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్లు ఆ చెట్టును బన్యన్ల చెట్టు అన్నారు. తర్వాత మర్రి జాతికంతా అదే పేరైంది. ఆ వర్తకులు తొడిగే వదులు చొక్కాకూ అదే పేరు. చొక్కా కుంచించుకుపోయి లోపలికి దూరి మన బనియను అయింది. వణిజుడి నుంచి బయల్దేరి బనియనుగా తిరిగొచ్చిన మాట ఇది.

బాండనా అనే తలగుడ్డ హిందీ బాంధ్నూ, ముడులు వేసి రంగులద్దడం. బంధ ధాతువే. అంటే ఒకే ధాతువు ఇంగ్లీషులో బైండ్, బాండ్, బండిల్ పేర్లతో పుట్టింట్లోనే ఉంది, బాండనా పేరుతో మన దేశం నుంచి అతిథిగానూ వచ్చింది. మొదటివాటికి జ్ఞాతులు అని, రెండోదానికి ఎరువు మాట, అంటే వేరే భాష నుంచి అరువు తెచ్చుకున్నది అని రాయాలి. ఈ తేడా చెరిపేసి ‘బైండ్ సంస్కృతం నుంచి వచ్చింది’ అని రాస్తారు చాలామంది. రాలేదు. భ్రాతృ నుంచి బ్రదర్ పుట్టలేదు, ఇద్దరూ ఒక పాత భాష బిడ్డలు.

తెలుగు మాట, ఇంగ్లీషు మాట రెండూ మూడో భాష నుంచి విడివిడిగా తెచ్చుకున్నవి కూడా ఉంటాయి. బజారు మనకు పారశీకం నుంచి వచ్చింది. ఇంగ్లీషు బజార్ కూడా అక్కడిదే, కాకపోతే ఇటలీ వర్తకుల మీదుగా. బొత్తాం మనకు పోర్చుగీసు ‘బొతాఁవ్’ ఇచ్చినది. ఇంగ్లీషు బటన్ పాత ఫ్రెంచిది. బటన్ నుంచి బొత్తాం వచ్చిందనడం పక్కింటివాణ్ని తండ్రిని చేయడం.

ఎక్కడ నరకాలి

మాటను తప్పుచోట నరికితే ఎంత నిఘంటువైనా కాపాడలేదు. బికినీలో ‘బి’ రెండు ముక్కలని చాలామంది నమ్మకం. అది పసిఫిక్‌లోని ఒక పగడపు దీవి పేరు. 1946 జులైలో అమెరికా అక్కడ అణుబాంబులు పేల్చిన రోజుల్లోనే పారిస్‌లో లూయీ రెయార్ తన ఈత దుస్తులకు ఆ పేరు పెట్టాడు. లేని ‘రెండు’ను ఊహించుకుని తర్వాత మోనోకినీ అనే మాట కూడా పుట్టించారు. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్ ఉత్తరాలు కాదు, స్కాట్లండ్ మాటలో కప్పం. దోపిడీ చేయకుండా ఉండటానికి సరిహద్దు ముఠాలు వసూలు చేసినది. పెళ్లికొడుకు బ్రైడ్‌గ్రూమ్‌లో గ్రూమ్ గుర్రాల కాపరి కాడు. పాత రూపం ‘బ్రూద్‌గుమా’, గుమా అంటే మగవాడు. గుమా వాడుకలోంచి పోయాక జనం తెలిసిన గ్రూమ్‌ను అక్కడ అతికించారు. గంటల గోపురం బెల్‌ఫ్రీకి మొదట గంటతో పనిలేదు. ముట్టడిలో కోటగోడ దాకా తోసుకెళ్లే కొయ్య బురుజు అది, చెవికి బెల్ వినబడిందని ఎల్ వచ్చి చేరింది.

అన్నిటికంటే తమాషా నరుకుడు బస్సుది. ఆమ్నిబస్ అంటే లాటిన్‌లో ‘అందరికీ’. 1820ల్లో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో, ఆ వెంటనే పారిస్‌లో, 1829లో లండన్‌లో ఆ పేరుతో గుర్రపు బళ్లు నడిచాయి. తర్వాత ముందు భాగం కోసి పారేసి బస్ మిగుల్చుకున్నారు. మిగిలింది మాట కూడా కాదు, విభక్తి. ‘అందరికీ’ అనే బండిని మనం ముద్దుగా ‘కీ’ అని పిలిచినట్టు.

బోల్తా కొట్టించేవి

పారశీకంలో బద్ అంటే చెడు. బద్మాష్, బద్నాం మనకు తెలుసు. ఇంగ్లీషు బ్యాడ్ కూడా చెడే. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. పారశీక బద్ పాత రూపం ‘వద్’, అక్కడ బ లేనే లేదు. సాక్షులను పిలవకుండా పోలికను నమ్మితే ఏమవుతుందో చూపడానికి దీన్నిమించిన ఉదాహరణ లేదు. బ్యాంగిల్‌కు బంగారంతో సంబంధం లేదు, అది హిందీ బంగ్డీ, గాజు. బొందితో కైలాసం అంటాం కదా అని బాడీకి బొందిని ముడిపెట్టకండి. బాడీ జాడ పాత ఇంగ్లీషు ‘బోడిగ్’, దానికి పాత జర్మన్‌లో ఉన్న జత దాకా పోయి ఆగిపోతుంది.

మనుషుల పేర్ల మీద పుట్టిన మాటలకు తేదీ పరీక్ష చాలు. బాయ్‌కాట్ 1880లో ఐర్లండ్‌లోని మేయో జిల్లాలో చార్లెస్ బాయ్‌కాట్ అనే జమీందారీ ఏజెంటును రైతులు వెలివేసినప్పుడు పుట్టింది. అంతకుముందు ఆ మాట ఎక్కడా లేదు, కథ నిలుస్తుంది. నాలుగు అక్షరాలు కలిపి మాట చేశారనే వాట్సాప్ కథలు ఈ పరీక్షలో పోతాయి. ‘న్యూస్ అంటే నాలుగు దిక్కులు’ అన్నది క్విజ్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. అలా అక్షరాలు కూర్చే అలవాటు 20వ శతాబ్దానికి ముందు బాగా అరుదు, న్యూస్ దానికి వందల ఏళ్ల ముందుది.

ఇంత చేశాక కూడా కొన్ని తెగవు. విచిత్రమేమిటంటే తెగనివి పెద్ద పెద్ద మాటలు కావు, బిగ్, బాయ్, బ్యాడ్ లాంటి చిన్న చిన్న రోజువారీ మాటలు. బర్డ్ చూడండి. పాత రూపం ‘బ్రిడ్’. ర అచ్చు తర్వాతికి జరిగి బర్డ్ అయింది, వారణాసిలో ర, ణ తారుమారై బనారస్ అయినట్టు. మొదట్లో గూట్లోని పిల్లకే ఆ పేరు, మామూలు పక్షిని ఫౌల్ అనేవారు. పిల్ల పేరు పక్షి జాతికంతా పాకింది, ఫౌల్ కోళ్ల దగ్గరికి కుదించుకుపోయింది. ఇక్కడి దాకా ప్రతి అడుగుకూ రాత ఆధారం ఉంది. బ్రిడ్‌కు ముందు ఏముందో మిగతా జర్మానిక్ భాషల్లో ఎక్కడా జత దొరకలేదు. నాలుగు గడులు సిరాతో నింపి, ఐదోది ఖాళీగా వదిలేయండి.